తెర ముందు పంక్తి

రాగిపిండి ఉడికి అడుగంటబోయే ముందు ఒక కమ్మటి వాసన వస్తుంది. శనివారం పొద్దున మా కోడలు వంటింట్లో సంగటి గెలుకుతుండగా ఆ వాసన మెల్లగా ముందుగదిలోకి వస్తుంది. ఇంచుమించు అదే సమయానికి గోడకున్న టీవీలో వీడియో కాల్ మోగడం మొదలవుతుంది. ఆ వాసనా ఈ మోతా కలిసినప్పుడు నా చెయ్యి నాకు చెప్పకుండానే పక్కకు ఇంకో కుర్చీ లాగి వేస్తుంది. ఆ కుర్చీలో కూర్చోవలసినవారు ఇక రారని నాకు తెలుసు. చేతికి ఇంకా తెలియలేదు.

ఆమె పేరు కమలవేణమ్మ. కోయంబత్తూరు పక్కన సింగానల్లూరులో నేను జీవితమంతా పనిచేసిన పంపుల కార్ఖానాకు యజమాని. తయారైన పంపును నడిపి చూసి, బాగుందనిపించాకే పెట్టెలో పెట్టించి పంపడం నా పని. భర్త పోయిన ఏడాదే ఆమె కార్ఖానా బాధ్యత తీసుకున్నారు. నూలు చీర కుచ్చిళ్ళ దగ్గర ఎప్పుడూ ఏదో ఒక నూనె మరక ఉండేది. మా రెండు కుటుంబాలదీ ఒకే కథ. ఎప్పుడో తరాల కిందట తెలుగు నేల విడిచి వచ్చినవాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కార్ఖానాలో రెండూ కలిపి మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలు. బడిలో తమిళమే చదివాను గనుక చిన్నప్పటినుంచి రాసుకున్న డైరీలన్నీ తమిళంలోనే ఉన్నాయి. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది కమలవేణమ్మగారే. ఆమెకు వాళ్ళ అవ్వ నేర్పిందట. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపుపెట్టె మూత మీద సుద్దముక్కతో రాసి చూపేవారు. "ఇంట్లో మాట్లాడే మాటని రాసుకోలేకపోతే ఎట్లప్పా రంగసామీ? మనం పోయినంక అది కూడా మనతోనే పోతుంది గదా" అనేవారు.

భోజనాల సంగతి చెప్పాలి. మధ్యాహ్నం గంట కొట్టగానే పనివాళ్ళందరూ పొడుగాటి రేకుల షెడ్డు కింద వరసగా కూర్చునేవాళ్ళు. ఆమె కూడా తన క్యారియరు తెచ్చుకుని ఆ వరస చివర కూర్చునేవారు. అయితే ఎవరూ ముద్ద ఎత్తకూడదు. లేతు మిషను మీది చివరి మనిషి చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేదాకా ఆగాలి. "అందరూ వచ్చినారా?" అని ఆమె గట్టిగా అడిగేవారు. వరసలోంచి ఎవరో ఒకరు "వచ్చినాంగ" అనాలి. అప్పుడే మూతలు తీసేవాళ్ళం. ఒకసారి పెద్ద ఆర్డరు మాట్లాడడానికి వచ్చిన వ్యాపారి సరిగ్గా ఆ వేళకే గేటులో అడుగుపెట్టాడు. ఆఫీసులో కూర్చోబెట్టనా అని నేను అడిగితే, "ఎందుకు? ఆయనకి ఆకలి కాదా? ఒక కంచం వెయ్యి" అన్నారు. ఆ వ్యాపారి ఖరీదైన ప్యాంటుతో సిమెంటు నేల మీద చతికిలబడి తిన్నాడు. తర్వాత ఎప్పుడు వచ్చినా ఆ వేళకే వచ్చేవాడు.

నేను రిటైరయ్యే వయసు దగ్గరపడ్డాక టాంజానియాలో నది ఒడ్డున కూరగాయలు పండించే ఒక మహిళల సంఘం మా డీజిల్ పంపులు కొన్నది. వేసవి పంటంతా ఆ పంపుల మీదే పెట్టుకున్నారు. కొన్ని నెలలకే పంపులు నీళ్ళు లాగడం మానేస్తున్నాయని కబురు వచ్చింది. విప్పి చూసిన ఫోటోలు పంపారు. లోపల తిరిగే ఇంపెల్లర్ రెక్కలు ఎలుకలు కొరికినట్టు అరిగిపోయాయి. కొత్తవి పంపాం. అవీ అరిగాయి. మా ఇంజనీర్లు ఇంగ్లీషులో ప్రశ్నలు పంపితే అక్కడి బడిపంతులు జోసెఫ్ ఇంగ్లీషులో జవాబులు రాసేవాడు. ఆ ఉత్తరాల్లో మర్యాద పెరిగిన కొద్దీ నమ్మకం తగ్గుతూ వచ్చింది. చివరికి, ఈ విడత కూడా పాడైతే పంపులన్నీ తిప్పి పంపేస్తాం, మళ్ళీ బిందెలతో మోసుకుంటాం అని రాశారు.

ఆ ఉత్తరం కమలవేణమ్మగారు చదివారు. మన పంపు నమ్మి చేలో నారు పోసుకున్న ఆడవాళ్ళు మళ్ళీ బిందె ఎత్తుకుంటారన్న మాట ఆమెను పొడిచింది. "కాగితంలో మనిషి కనపడడప్పా. వాళ్ళు ఎట్ల నడుపుతుండారో కండ్లతో చూడాల. మనం చూసేది వాళ్ళు కూడా చూడాల" అన్నారు. అలా మొదలైంది వీడియో పంక్తి. దానికి ఆ పేరు తర్వాత వచ్చింది.

ఆమె పెట్టిన పద్ధతి వేరు. అవతలివాళ్ళు పంపు బిగించడం మొదలు ఆపడం వరకు ఫోనుతో వీడియో తీసి పంపాలి. ఇవతల మధురై దగ్గర వాడిపట్టిలో అదే రకం పంపు నడుపుతున్న మన రైతు కూడా తీయాలి. అప్పుడు మూడు చోట్ల మూడు తెరల మీద ఒకే వీడియో ఒకేసారి నడవాలి. ఎవరు చెయ్యెత్తితే అక్కడ ఆపాలి. ఆపినచోట 'ఇది తప్పు' అనకూడదు, 'ఇలా ఎందుకు చేస్తారు' అనే అడగాలి. "చేసేవాళ్ళం మనం. నడిపేవాళ్ళు వాళ్ళు. నడిపేవాళ్ళు నడిపేవాళ్ళతో మాట్లాడుకోనీ. మనం కూర్చుని విందాం" అని ఆమె వాదన. ఆఫీసులో కొందరు నవ్వారు. మీటింగు అంటే విషయాలు వరసగా రాసుకుని, వరసగా మాట్లాడి, వరసగా ముగించాలని నమ్మే మనిషిని నేను. నాకూ ఇది చిందరవందరగానే తోచింది.

వాడిపట్టి రైతు పేరు అళగిరిసామి. ఆయన ఇంట్లోనూ తెలుగే. వరీ కొబ్బరీ వేసేవాడు. మా కార్ఖానా పంపు వాళ్ళ నాన్న కాలం నుంచి వాళ్ళ బావి గట్టునే ఉంది. ఆయన సున్నం వేసిన వసారా గోడే తెర. మొదటి కాల్‌లో ఆయన తెర దగ్గరికి వచ్చి, మన మాట అవతలి ఒడ్డుకు వినపడాలన్నట్టు కేకవేశాడు. "నాకు వాళ్ళు కనపడుతుండారు. నేను వాళ్ళకి కనపడుతుండానా?" నేను ఇంగ్లీషులో చెప్పాను, జోసెఫ్ స్వాహిలీలో చెప్పాడు. సంఘం పెద్ద నేమా అనే ఆమె, పూలగుడ్డ తలకు చుట్టుకున్న నడివయసు మనిషి, నవ్వకుండా తల ఊపింది. బడిగదిలో ఆమె వెనక బెంచీల మీద ఇంకా కొందరు ఆడవాళ్ళు పరీక్షకు వచ్చినట్టు కూర్చున్నారు. వీడియో నడిచింది. పంపు ఆగింది. వీడియో అయిపోయింది. ఎవరూ చెయ్యెత్తలేదు. తప్పు తమదని తేల్చడానికే ఇదంతా అని వాళ్ళు అనుకుంటున్నారని చూస్తేనే తెలుస్తోంది.

తర్వాతి శనివారం జరిగినదాన్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పొద్దున పది గంటల కాల్. నేను విషయాలు వరసగా చదవబోతుంటే అళగిరిసామి అడ్డుపడ్డాడు.

"ఇరుప్పా, ఉండు. పోయిన వారమే అడగాలని ఉండింది. వాళ్ళు తిన్నారా?"

మావైపు ఎవరిని పలకరించినా మొదటి మాట అదే. దానికి జవాబూ అందరికీ తెలిసిందే. తిన్నాం అంటారు, మాట సాగుతుంది. నేను యథాలాపంగా దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. జోసెఫ్ మాత్రం హాజరు తీసుకున్నట్టు ఒక్కొక్కరినీ అడిగి, శ్రద్ధగా జవాబు తెచ్చాడు. "లేదు. ఎవరూ తినలేదు. ఇక్కడ ఇంకా పొద్దున్నే. తోటనుంచి నేరుగా వచ్చారు. మీటింగు అయ్యాక తింటారు."

అళగిరిసామి ముఖం మారిపోయింది. "తినలేదా? అంతమందీనా? అట్లయితే ఆపండి."

"మామా, వాళ్ళకి అది మామూలే. అరగంటలో అయిపోతుంది" అన్నాను.

"నీకు మామూలప్పా. పసిమీద, ఆకలిమీద ఉండే ఆడోళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, తప్పు నీదా నాదా అని అడిగేదా? మా ఇంట్లో ఆ వళక్కం, ఆ అలవాటు లేదు" అని ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన భార్య పేచ్చియమ్మ వసారా గోడ ముందుకు వచ్చి, చేత్తో నోటిదగ్గర ముద్ద చూపించి, పొండి పొండి అన్నట్టు అవతలికి చెయ్యి విసిరింది. బడిగదిలో కలకలం. "మేమేం తప్పు చేశాం? ఎందుకు వెళ్ళగొడుతున్నారు?" అని జోసెఫ్ గొంతు. నేను సర్దిచెప్పేలోపు అటువైపు తెర నల్లబడింది. ఆనాటి నా డైరీలో ఒక్క ముక్కే ఉంది. కాల్ కుదరలేదు, ఎండ ఎక్కువ.

ఇక అంతా అయిపోయిందనుకున్నాను. కమలవేణమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. నవ్వి నవ్వి నెమ్మదించారు. "చూసినావా రంగసామీ? మనల్ని ఎవురన్నా అడిగితే పస్తులో ఉన్నా తిన్నామనే అంటాం. వాళ్ళు నిజం చెప్పినారు. అళగిరన్న నిజంగానే అడిగినాడు. ఇంతమందిలో సరిగ్గా మాట్లాడుకున్నది వాళ్ళిద్దరే." తర్వాత నా చేతిలో ఉన్న విషయాల కాగితం మెల్లగా తీసుకుని బల్ల మీద బోర్లించారు. "జోసెఫ్‌కి ఫోన్ చెయ్యి. కోపం కాదని చెప్పు. మా ఊళ్ళో తినకుండా వచ్చినవాళ్ళతో మాట్లాడరని చెప్పు. వచ్చే వారం అందరూ కంచాలతోనే రావాల. మనం కూడా."

మరుసటి వారం నేను నా జీవితంలో మొదటిసారి మీటింగులో సంగటి తిన్నాను. వాడిపట్టి వసారాలో పేచ్చియమ్మ అరిటాకులు వేసింది. బడిగదిలో బెంచీలన్నీ పక్కకు జరిపేసి, నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో పళ్ళెంలో తెల్లగా గట్టిగా ఏదో ఉంది. నేమా దాన్ని వేళ్ళతో తుంచి, ఉండచేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆకుకూర ముంచుకుంది.

"ఏయ్, అది సంగటేనమ్మా!" అని పేచ్చియమ్మ అరిచింది. "మన మాదిరే నొక్కుతుండాది చూడు!"

మొక్కజొన్న పిండితో చేసేదట అది. వాళ్ళు ఉగాలి అంటారు. కమలవేణమ్మగారు తన ముద్దను కెమెరా ముందుకు ఎత్తి చూపారు. నేమా తన ముద్ద ఎత్తింది. మూడు చోట్లా నవ్వులు లేచాయి. అప్పుడు ఆమె ఎప్పటి అలవాటులోనే, తెరకేసి గట్టిగా, "అందరూ వచ్చినారా?" అన్నారు. దాన్ని తెలుగు నుంచి మార్చమని ఎవరూ నన్ను అడగలేదు.

చేతులు ఎంగిలిగా ఉన్నాయి గనుక ఆ రోజు పంపు ఆగినా వీడియోను ఎవరూ వెంటనే ఆపలేదు. ఇంతకుముందు పంపినవన్నీ పంపు ఆగగానే ముగిసేవి. ఈసారి తీసిన అమ్మాయి ఫోను ఆపడం మరిచిపోయినట్టుంది. మేం తింటూ చూస్తున్నాం. సాయంత్రం వెలుగు. పంపు ఆగాక ఇద్దరు ఆడవాళ్ళు నదిలోంచి సక్షన్ పైపును పైకి లాగారు. పాముని మోసినట్టు భుజాలమీద వేసుకుని ఒడ్డు పైకి మోశారు. కింద ఇసుకలో పరిచారు. పైపు కొస, నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్వు, ఇసుకలో కూరుకుపోయింది. మర్నాడు పంపు నడవగానే ఆ ఇసుకంతా లోపలికి పోయి రెక్కల్ని కొరికేస్తుంది.

అళగిరిసామి ముద్ద చేతిలో పట్టుకునే చెయ్యెత్తాడు. నేను ఆపాను. ఆయన 'అది తప్పు' అంటాడేమోననుకున్నాను. ఆయన కమలవేణమ్మగారి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "అంత బరువు రోజూ ఎందుకమ్మా మోస్తారు? నీళ్ళలోనే ఉండనీయొచ్చు గదా?"

జవాబు చెప్పేటప్పుడు నేమా మొదటిసారి నేరుగా అళగిరిసామి ముఖంలోకి చూస్తూ మాట్లాడింది. చీకటి పడగానే నీటిగుర్రాలు నదిలో తిరుగుతాయట. పైపు ఉంటే తొక్కి చీల్చేస్తాయి. మొదటి పైపు అట్లాగే పోయింది. అందుకే రోజూ మోస్తారు. మేం పంపిన సూచనల కాగితంలో పైపును నీళ్ళలోనే ఉంచాలని ఉంది. వాళ్ళు దాన్ని చదివారు. రాసినవాళ్ళకే నీటిగుర్రం సంగతి తెలియదు.

"మా చేలో అడివి పందులు. మీ ఏట్లో నీటిగుర్రాలు. సరిపోయింది పో" అన్నాడు అళగిరిసామి. అది జోసెఫ్ నోట స్వాహిలీలోకి మారగానే బడిగది ఘొల్లుమంది. ఆ తర్వాత మాటలు నా చేతిలో లేవు. పైపుని ఇసుకలో వెయ్యకుండా కొమ్మకు వేలాడదీయొచ్చని పేచ్చియమ్మ. అక్కడ కొమ్మలు లేవని నేమా. ఫుట్‌వాల్వుకు మూత చేసిస్తామని కమలవేణమ్మగారు. మూత పోతుంది, మా పిల్లలు ఆడుకుంటారు, గొలుసుతో కట్టి ఇవ్వండని నేమా. గొలుసు మూత ఉన్న ఫుట్‌వాల్వును మా షెడ్డులో చేసి పంపాం. ఆ వేసవి పంట గట్టెక్కింది. నారు నీళ్ళు తాగుతున్న వీడియో వచ్చినప్పుడు కమలవేణమ్మగారు దాన్ని పనివాళ్ళందరికీ షెడ్డులో పెట్టి చూపించారు.

పని అయిపోయింది గదా, ఇక కాల్స్ ఎందుకు అని ఆఫీసులో అడిగారు. శనివారం పంక్తి మాత్రం ఆగలేదు. విత్తనాలు, పురుగులు, పిల్లల చదువులు, ఒకసారి నేమా కూతురి పెళ్ళి. మా వంకాయ పులుసు ఎట్లా చేస్తారని ఒక శనివారమంతా గడిచింది. నేను రిటైరయ్యాక కూడా శనివారం పొద్దున కార్ఖానా మేడమీదికి వెళ్ళేవాణ్ణి. ఒకసారి ఆమె అన్నారు. "రంగసామీ, ఆ పళ్ళెం చుట్టూ ఒక్కసారి నేను కూర్చోవాల. వాళ్ళు ఒకే పళ్ళెంలో తింటారు చూడు, దాంట్లో నా చెయ్యి కూడా పడాల. ఆ నది నీళ్ళు మన పంపు నుంచి వస్తాయే, ఆ నీళ్ళతో చెయ్యి కడుక్కోవాల." అది ఆమె ఊరికే అన్న మాట కాదు. పాస్‌పోర్టు తీయించారు. నేమా కోసం నీలం నూలు చీర కొన్నారు. ఈ వర్షాలు పోనీ అన్నారు. మోకాళ్ళ నొప్పి తగ్గనీ అన్నారు. తర్వాత మహమ్మారి వచ్చి జనమంతా ఇళ్ళలోనే ఉండిపోయిన కాలం వచ్చింది. ఆ కాలం గడిచేసరికి ఆమెకు జబ్బు చేసింది. చీర బీరువాలోనే ఉంది. నది తెరమీదే ఉండిపోయింది.

చివరి నెలల్లో ఆమె మంచం దిగలేదు. తిండి మీద ఆసక్తి పోయింది. ఆమె కూతురు గంజి కలిపి తెస్తే, "తిన్నానమ్మా, ఇప్పుడే గదా" అని ముఖం తిప్పుకునేవారు. ఎవరు అడిగినా అదే జవాబు. డాక్టరు అడిగితే తిన్నాను. నేను అడిగితే తిన్నానప్పా. ఆ శనివారం కూతురూ నేనూ కలిసి మంచం ఎదురుగా టీవీ జరిపాం. కాల్ కలిసింది. వాడిపట్టిలో అళగిరిసామి దంపతులు, అక్కడ బడిగదిలో అందరూ కంచాలతో ఉన్నారు. నేమా తెరకు బాగా దగ్గరగా వచ్చింది. ఇన్నేళ్ళలో కొన్ని మాటలు మాతోపాటు తిని తిని నేర్చుకుంది.

"అమ్మా, తిన్నారా?"

కమలవేణమ్మగారు నోరు తెరిచారు. తిన్నాననే అంటారనుకున్నాను. ఆమె నేమా ముఖంకేసి చాలాసేపు చూశారు.

"లేదు నేమా. తినలేదు."

జోసెఫ్ దాన్ని మార్చి చెప్పనక్కరలేకపోయింది. నేమా తన ముద్దను తిరిగి పళ్ళెంలో పెట్టేసింది. ఆమె వెనక ఒక్కొక్కరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. వాడిపట్టిలో అళగిరిసామి ఆకు మీదినుంచి చెయ్యి తీసి తొడమీద పెట్టుకున్నాడు. మూడు చోట్లా అన్నాలు ఆవిరి కక్కుతున్నాయి. అందరూ ఆమెకేసి చూస్తూ కూర్చున్నారు.

"ఎంత మొండోళ్ళప్పా వీళ్ళు" అన్నారామె నాతో, నీరసంగా. "వాళ్ళకి పని లేదా?"

"మీరు నేర్పిందే గదమ్మా" అన్నాను.

కూతురు గంజి చెంచా అందించింది. ఆమె ఒక చెంచా మింగారు. కాసేపాగి ఇంకోటి. రెండో చెంచా దిగాక నేమా పళ్ళెంలో చెయ్యి పెట్టింది. అప్పుడు అందరూ తిన్నారు. ఆ రోజు ఎవరూ ఏ విషయమూ మాట్లాడలేదు. తింటూ ఒకరినొకరు చూసుకున్నాం, అంతే. కాల్ అయిపోయాక ఆమె కళ్ళు మూసుకుని అన్నారు. "పోయి కూర్చోవాలనుకున్నాను. వాళ్ళే వచ్చి కూర్చున్నారు." ఆ గొంతులో తృప్తి ఉందో, పోలేకపోయిన దిగులే ఉందో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ ఉన్నాయేమో. మరో శనివారం రాకముందే ఆమె పోయారు.

నీలం చీరను ఆమె కూతురు నేమాకు పంపింది. ఇప్పుడు కాల్ మా ఇంటికి వస్తుంది. నేను పాత మనిషిని, ఇప్పటికీ విషయాలు ఒక కాగితం మీద వరసగా రాసుకుంటాను. కాల్ మోగగానే దాన్ని బల్ల మీద బోర్లిస్తాను. ఆమె నాకు అక్షరాలు నేర్పారు, పంపులు నేర్పారు. ఎవరితోనైనా ఏదైనా తేల్చుకోవలసి వచ్చినప్పుడు ముందు వాళ్ళ ఆకలి సంగతి నిజంగా అడగడం, నన్ను అడిగితే నిజం చెప్పడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా కోడలితో, నా కొడుకుతో, పక్కింటివాళ్ళతో అది ఇప్పటికీ నాకు అక్కరకొస్తోంది. ఇంత వయసొచ్చాక కూడా నిజం చెప్పడం కొంచెం కష్టమే.

ఈ శనివారం కూడా సంగటి వాసన వచ్చింది, కాల్ మోగింది, పక్కన కుర్చీ పడింది. తెరమీద నీలం చీర. దాన్ని నేమా పైబట్టలా భుజాలమీద కప్పుకుంటుంది. పళ్ళెం మీద చెయ్యి ఉంచి, సింగానల్లూరు యాసలో, అచ్చం ఆ గొంతుతో అడుగుతుంది.

"అందరూ వచ్చినారా?"

వచ్చినాం అని అనొచ్చు. నేను ప్రతివారం పక్క కుర్చీకేసి చూసి, "ఒకరు తక్కువ" అనే చెబుతాను. అటువైపు కాసేపు ఎవరూ ముద్ద ఎత్తరు. వాడిపట్టిలోనూ ఎత్తరు. సంగటి మీద ఆవిరి తగ్గేదాకా అలా కూర్చుంటాం. తర్వాత నేమా నా కంచం వైపు చెయ్యి చూపుతుంది. నేను ముద్ద తుంచి, బొటనవేలితో గుంట నొక్కుతాను.